దేవరగట్టుకు పోయేవాళ్లకు

అన్నలూ, తమ్ముళ్లూ, దసరా రాత్రి కర్నూలు జిల్లా దేవరగట్టులో జరిగే బన్ని ఉత్సవంలో, అదే కర్రల సమరంలో, మేమూ కర్ర పట్టుకుంటామని గ్రూపులో రాసినోళ్లకు ఒక మాట. మాళమ్మ, మల్లేశ్వరస్వామి ఉత్సవ విగ్రహాల కోసం నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు ఒకపక్క, చుట్టుపక్కల ఊళ్లు ఇంకోపక్క నిలబడి కర్రలతో కొట్టుకుంటారు. పాల మీద బాస చేసి దిగుతారు, అది వాళ్ల మొక్కు. మనకేం మొక్కుంది? గుండె ధైర్యం చూసుకోవడానికా?

నిరుడు నేను దగ్గరే నిలబడ్డా. ఇనుప రింగులు తొడిగిన కర్రలు, దివిటీల పొగ, దెబ్బ ఎటునుంచి వస్తుందో తెలీదు. ఒక పిల్లోడి నెత్తి పగిలింది. పసుపు అద్దుకుని మళ్లీ లోపలికే పోయాడు. కారే నెత్తురు కంటికి అడ్డమొస్తుంటే మోచేత్తో తుడుచుకుంటున్నాడు. ఆ చెయ్యి నాకింకా కళ్లముందే ఉంది.

రండి, దండం పెట్టుకోండి, గట్టు మీద దూరంగా నిలబడి చూడండి. కర్ర మాత్రం ముట్టుకోవద్దు. తాగినోళ్లను జీపు ఎక్కించను. సాయంత్రం 5కి రచ్చకట్ట దగ్గరికి రండి.