మడ్డి దిగనియ్యి చిన్నా

వారాసిగూడ, సికింద్రాబాద్
ఆదివారం రాత్రి

చిన్నా,

ఇక్కడ నాలుగు రోజులుగా ముసురు. అమ్మ మోకాళ్లు మామూలే. నువ్వు ఫోన్ చేసి మూడు ఆదివారాలైంది, ఆఫీసులో పని ఎక్కువుందేమో.

మొన్న పిన్ని వచ్చింది. నువ్వు ఇంట్లోనే బకెట్టులో బీరు చేస్తున్నావనీ, పైన పచ్చటి చెత్త తేలుతోందనీ స్వాతి వీడియో కాల్‌లో చూసిందట. అమ్మకి ఆ రాత్రి నిద్ర లేదు. పెద్దవాడివి, తాగొద్దని నేను చెప్పను. నా టెన్షనంతా ఆ చెత్త గురించే.

అడిగి తెలుసుకున్నాను. అది హాప్స్ పువ్వు, చేదుకీ వాసనకీ వేస్తారు. మీ సియాటిల్‌కి అవతల యాకిమా లోయలోనే పండుతుందట. వడకట్టకపోయినా ప్రమాదం లేదు, పులియడం అయ్యాక ఈస్టుతో కలిసి మడ్డిగా దిగిపోతుంది. గంటె పెట్టి కలపకు, గుడ్డలో పోసి పిండకు. పులిసిన బీరుకి గాలి తగిలితే రుచి చెడుతుంది. ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో 2, 3 డిగ్రీల్లో పెడితే తేట తేరుతుంది. మా ఊళ్లో బురద నీళ్లకి చిల్లగింజ అరగదీసేవాళ్లం, నీకు చల్లదనం చాలు. మరిగించిన నూలుగుడ్డ గొట్టం కొనకి కట్టి, పైనుంచి తేట మాత్రం లాగు. అడుగున రెండు వేళ్ల మందం వదిలెయ్యి, ఆశపడకు.

నాకు పదేళ్లప్పుడు తాత పొద్దున్నే లొట్టిలో కల్లు తెచ్చేవాడు. ఈగలూ పీచూ తేలేవి. నానమ్మ పాత ధోవతి నాలుగు మడతలేసి వడకట్టేది. మడ్డి కదలకుండా మణికట్టు మెల్లగా వంచి పోసేది, చివరి గుక్కెడు లొట్టిలోనే ఉంచేసేది. ఒకరోజు ఆ మిగిలినదంతా నేను సీసాలో నింపి, బిరడా దిగ్గొట్టి, సాయంత్రం మామయ్యకిద్దామని వడ్ల గుమ్మి వెనక దాచాను. మధ్యాహ్నం నానమ్మ వడ్లు తీయడానికి వంగింది, అప్పుడే అది పేలింది. ఆవిడ ముంజేతి మీద మచ్చ నీకు గుర్తుండే ఉంటుంది, పడుకునేటప్పుడు వేలితో రాస్తూ ఉండేవాడివి. అది ఎలా అయిందో నీకెప్పుడూ చెప్పలేదు.

అందుకే సీసాల్లో పోయడానికి తొందరపడకు. హైడ్రోమీటర్, అదే బీరు సాంద్రత కొలిచే గాజు గొట్టం, దాని అంకె మూడు రోజులు కదలకుండా ఉంటేనే పులియడం ఆగినట్టు. హాప్స్ నలుసులు సీసాలోకి వెళ్తే మూత తీయగానే నురగ పొంగి సగం పోతుందట. ఇంకొకటి, ఆ పిప్పి మూతున్న డబ్బాలోనే పడెయ్యి. మన టైగర్ దాన్ని తింటే ఒళ్లు కాలిపోయే జ్వరమొచ్చి ప్రాణం మీదికొస్తుంది. కుక్కలకి హాప్స్ విషం.

అన్నం వండుకుంటున్నావా? ఒక్కడివే కూర్చుని తాగుతున్నావా అని అమ్మ రోజూ అడుగుతోంది, నా దగ్గర జవాబు లేదు.

పిన్ని వచ్చే నెల అటు వస్తోంది. మోండా మార్కెట్‌లో నాలుగు గజాల పల్చటి నూలుగుడ్డ కొన్నాను, సున్నుండల డబ్బాతో పాటు పంపుతాను. వచ్చే ఆదివారం మీ పొద్దున ఎనిమిదికి ఫోన్ చెయ్యి, మాకు రాత్రి ఎనిమిదిన్నర. బకెట్టు కూడా చూపించు. మడ్డి ఎంతవరకు దిగిందో చూసి చెప్తాను.

మీ నాన్న