బావా, ఆ పోత ఛాంబర్ కొనొద్దు

రేయ్ బావా,

గనుల దారిలో రాయి తగిలి నీ బండి గేర్‌బాక్స్ ఛాంబర్‌కు, అదే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కింద ఆయిల్ నిలిచే పళ్ళేనికి, సొట్ట పడిందని నువ్వు పంపిన ఫోటోలు పెద్దవి చేసి మరీ చూశా. ఫోన్లో చెబుదామంటే నువ్వు సగం విని మిగతా సగం క్వారీలో ఎవరినో తిడుతూ ఉంటావు, అందుకే రాస్తున్నా, రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదువు. ముందు అసలు మాట చెప్పేస్తా. మీ తమ్ముడు డల్లాస్ నుంచి లింకు పంపించాడే, ఆ లోతైన పోత (కరిగించి అచ్చులో పోసిన) అల్యూమినియం ఛాంబర్, అది నీ టొయోటా హైలక్స్ పికప్‌కు వద్దు. కంపెనీ రేకు ఛాంబరే వేయించు, దాని కింద గట్టి గార్డ్ ప్లేట్ బిగించు. ఇంతే. మిగతాదంతా ఎందుకు అని నువ్వు అడుగుతావని రాస్తున్నా.

ఇంకోటి, "ఆయిల్ ఏం కారడం లేదు కదా, ఈ సీజన్ లాగించేద్దాం" అన్నావు. అది మాత్రం కుదరదప్పా. ఆ సొట్ట ఎక్కడ పడిందో చూశావా? సరిగ్గా ఫిల్టర్ కింద. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఫిల్టర్ మూతి ఛాంబర్ అడుగుకు కొన్ని మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది, పంపు ఆయిల్‌ను అక్కడి నుంచే పైకి లాగుతుంది. రేకు లోపలికి నొక్కుకుపోతే ఆ సందు తగ్గిపోతుంది. ఎండాకాలంలో టెంకాయ బోండంలో స్ట్రాను అడుక్కి ఆనించి పీలిస్తే నీళ్ళు ఎట్లా వస్తాయో అట్లా అవుతుంది పంపు పరిస్థితి. ఆటోమేటిక్‌లో క్లచ్ ప్లేట్లను నొక్కి పట్టేది ఆ ఆయిల్ ప్రెషరే. అది తగ్గితే గేరు డి (డ్రైవ్) లో వేశాక బండి ఒక క్షణం ఆలోచించి కదులుతుంది, గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ మోత పెరుగుతుంది గానీ బండి ముందుకు లాగదు, ప్లేట్లు జారి కాలిపోతాయి. అప్పుడు ఛాంబర్ ఖర్చు కాదు, గేర్‌బాక్స్ ఖర్చు. కాబట్టి కారకపోయినా మార్చాల్సిందే. సుత్తితో వెనక్కి కొట్టి సరిచేస్తానన్న మీ టింకరింగ్ ఆయనకు ఒక దండం పెట్టి పంపించు, రేకు సాగిపోయాక, ఆయిల్ కారకుండా మధ్యలో వేసే ప్యాకింగ్ కూర్చునే అంచు కూడా వంకర పోతుంది.

ఇక మీ తమ్ముడి సంగతి. వాడు చెప్పింది తప్పు అనను, వాడి ఊరికి అది కరెక్టే. అమెరికాలో పికప్పులకు ఇట్లాంటి ఛాంబర్లు అంతగా అమ్ముడుపోవడానికి వేరే కారణాలున్నాయి. అక్కడ చాలా పాత మోడళ్ళకు ఛాంబర్ కింద డ్రెయిన్ ప్లగ్గే, అంటే ఆయిల్ దించే బిరడానే, ఉండదు. ఆయిల్ మార్చాలంటే బోల్టులన్నీ విప్పి, వేడి ఆయిల్ మోచేతుల దాకా కార్చుకుంటూ దించాలి. అందుకని ప్లగ్ ఉన్న ఛాంబర్ కనిపిస్తే చాలు జనం కొనేస్తారు. పైగా వాళ్ళు వెనకాల పడవలు, ఇళ్ళంత ట్రైలర్లు తగిలించుకుని హైవే మీద గంటల కొద్దీ లాగుతారు. వాళ్ళ ర్యామ్ 1500 పికప్‌లో ఉండే ఎనిమిది గేర్ల జడ్ఎఫ్ (జర్మన్ కంపెనీ) రకం బాక్సుకైతే ఛాంబర్ ప్లాస్టిక్‌ది, ఫిల్టర్ అందులోనే కలిసిపోయి ఉంటుంది, మారిస్తే రెండూ కలిపి మార్చాల్సిందే. అది నచ్చక ఇనుముదో అల్యూమినియందో వేసుకుని ఫిల్టర్ వేరుగా పెట్టుకునేవాళ్ళున్నారు. మన ఇండియా హైలక్స్‌లో ఈ బాధలేవీ లేవు. ఆరు గేర్ల ఆటోమేటిక్, రేకు ఛాంబర్, కింద డ్రెయిన్ ప్లగ్ ఉంది, ఫిల్టర్ విడిగా ఉంది. లేని రోగానికి మందెందుకు?

అసలు విషయం రాళ్ళు బావా. ఎర్రగుంట్ల గనుల దారి నీకు నేను చెప్పాలా, పగిలిన నాపరాయి ముక్కలు అంచు మీద నిలబడి ఉంటాయి, కత్తిలాగా. అట్లాంటి ముక్క తగిలితే రేకు సొట్ట పోతుంది, అంటే దెబ్బ తాను తిని అక్కడితో ఆపేస్తుంది. పోత అల్యూమినియం అట్లా కాదు, వంగదు. మందంగా ఉంటుంది కాబట్టి చిన్న దెబ్బలు తట్టుకుంటుంది, నిజమే, కానీ దాటిందంటే చీలుతుంది, లేదంటే ఆ దెబ్బ బోల్టుల గుండా పైకి, గేర్‌బాక్స్ ఒంటికే తగులుతుంది. ఆ ఒళ్ళు కూడా అల్యూమినియమే. అక్కడ బోల్టు పట్టే చెవి ఒకటి విరిగితే ఆర్గాన్ వెల్డింగ్ వాళ్ళు కూడా చేతులెత్తేస్తారు. సొట్ట పడ్డ రేకుతో నువ్వు ఇల్లు చేరావు చూడు, చీలిన ఛాంబర్‌తో చేరేవాడివి కాదు, నిమిషాల్లో ఆయిల్ అంతా కిందపోయి బండి అక్కడే ఆగిపోయేది. దానికి తోడు ఆ లింకులోది లోతు ఛాంబర్. అంటే మామూలు దానికంటే కిందికి దిగి ఉంటుంది. రాయి తగిలిందని మారుస్తూ, రాయికి ఇంకా దగ్గరగా ఉండేది వేసుకుంటామా? చెప్పు.

వేడి గురించి వాడు చెప్పింది కూడా ఆలోచించా. మన కడప, అనంతపురం ఎండలకు ఎక్కువ ఆయిల్ పట్టేది మంచిదే కదా అనిపిస్తుంది. లీటరో లీటరున్నరో ఎక్కువ పడితే ఆయిల్ వేడెక్కడం కాస్త ఆలస్యం అవుతుంది, అంతవరకే. ఘాట్ పొడవునా లోడుతో లాగితే చివరికి అంతే వేడి వస్తుంది. వేడిని బయటికి పంపేది ముఖ్యంగా ముందున్న ఆయిల్ కూలర్, దాని మీదుగా పోయే గాలి. నీ బండి రేడియేటర్ ముందు ఎప్పుడైనా చేత్తో తడిమావా? బండల పొడి పిండిలా పేరుకుని ఉంటుంది. నెలకోసారి అది నీళ్ళతో కడిగించు, ప్రెషర్ మరీ ఎక్కువ పెట్టొద్దను, రెక్కలు వంగిపోతాయి. ఆ ఛాంబర్ మీద పెట్టే డబ్బు కంటే ఇది ఎక్కువ పని చేస్తుంది.

లోతు ఛాంబర్‌తో ఇంకో చిక్కుంది, ఇది చాలామందికి తట్టదు. నీ బండి బాక్సుకు డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) లేదు. ఛాంబర్ లోపల ఒక చిన్న గొట్టం నిలబడి ఉంటుంది, దాని కింద చెక్ ప్లగ్. ఆయిల్ ఆ గొట్టం తల దాటితే పొర్లి కిందికి వస్తుంది, అదే లెవెల్. అంటే ఆయిల్ ఎంత ఉండాలో నిర్ణయించేది ఆ గొట్టం ఎత్తు. ఎవరో చేసిన ఛాంబర్‌లో ఆ ఎత్తు కాస్త తేడా వచ్చినా నువ్వు పద్ధతి ప్రకారమే నింపి, తప్పు లెవెల్‌తో తిరుగుతూ ఉంటావు. ఫిల్టర్ కూడా అంతే, ఛాంబర్ లోతుకు తగ్గ పొడవు ఉండాలి. అమెరికాలో జీఎం (జనరల్ మోటార్స్) వాళ్ళ 4ఎల్60ఈ అనే బాక్సుకు కంపెనీవే రెండు లోతుల ఛాంబర్లు వచ్చాయి, దేని ఫిల్టర్ దానిదే, మార్చి పెడితే పంపుకు ఆయిల్ అందదు, లేదా ఫిల్టర్ అడుగుకు అతుక్కుంటుంది.

సరే, కొనేటప్పుడు. షాపులో ఊరికే ఛాంబర్ అని అడగొద్దు, ఇంజన్‌ది చేతిలో పెడతారు. మన దగ్గర ఆటోమేటిక్ పికప్పులు చాలా తక్కువ, మిగతావన్నీ మాన్యువల్ బండ్లే, వాటికి ఈ భాగమే ఉండదు, కాబట్టి కౌంటర్‌లో ఉన్న పిల్లాడిని అనుకోవడానికి లేదు. ఛాసిస్ నంబర్ ఇచ్చి పార్ట్ నంబర్ తీయించు, డబ్బా మీద ఉన్న నంబర్ దానితో కలిపి చూసుకో. ఫోటో చూపించి "ఇదే అన్నా" అంటే నమ్మొద్దు. ఛాంబర్‌తో పాటు ప్యాకింగ్, డ్రెయిన్ ప్లగ్ వాషర్, చెక్ ప్లగ్ వాషర్, ఫిల్టర్, దాని ఓ-రింగ్ కూడా అప్పుడే తీసుకో, విప్పాక వాషర్ లేదని బండి రెండ్రోజులు జాకీల మీద నిలబెట్టడం నాకు నచ్చదు.

పాతది చెన్నై పుదుపేటలోనో బెంగళూరులోనో దొరుకుతుందేమో అన్నావు. దొరకొచ్చు. తప్పని కూడా అనను, రేకు ముక్కే కదా, అరిగిపోయే వస్తువు కాదు. కానీ ఒక పరీక్ష పెట్టు. దానికి నీ అంత సౌకర్యం ఇంకెవడికీ లేదు. పాలిష్ చేసిన నాపరాయి ఒకటి తుడిచి, ఛాంబర్‌ను అంచు కిందికి ఉండేలా దాని మీద బోర్లించు. నాలుగు మూలలా వేలితో నొక్కి చూడు, ఎక్కడైనా టకటకమని ఊగిందా, బోల్టు రంధ్రాల చుట్టూ రేకు కిందికి గుంట పడి ఉందా. ఉంటే వదిలేసి వచ్చేయ్. ఎవడో గట్టిగా బిగించి అంచు చెడగొట్టాడని అర్థం, అది ఎన్ని ప్యాకింగులు మార్చినా కారుతూనే ఉంటుంది. ప్లగ్గుల మరలు కూడా చేత్తో తిప్పి చూడు. లోపల వెల్డింగ్ మచ్చ కనిపిస్తే అసలు ముట్టుకోవద్దు, వెల్డింగ్ గుండ్లు ఒకటి ఊడినా పోయేది ఆయిల్‌ను ఎటు పంపాలో అటు మళ్ళించే వాల్వ్ బాడీలోకే.

బిగించేటప్పుడు నువ్వు పక్కనే ఉండు, దయచేసి. మన మెకానిక్కులు మంచివాళ్ళే, చేతికి బలం ఎక్కువ. ఈ ఛాంబర్ బోల్టులకు పట్టాల్సిన బిగువు 10 న్యూటన్ మీటర్ల లోపే, చక్రం నట్లకైతే 100 పైనే పడుతుంది, తేడా చూడు. బిగువు కొలిచి బిగించే చిన్న టార్క్ రెంచి ఉన్నవాడి దగ్గరికే వెళ్ళు. ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలి. కొత్త ప్యాకింగ్ వేస్తున్నప్పుడు పైన మళ్ళీ గమ్ము పూయనివ్వొద్దు, "సేఫ్టీకి అన్నా" అంటాడు, లోపలికి పిండుకున్న గమ్ము ముక్కలు ఊడి ఫిల్టర్‌కు అడ్డం పడతాయి. పాత ఛాంబర్ అడుగున అయస్కాంతాలు ఉంటాయి, అవి తీసి తుడిచి కొత్తదాంట్లో వాటి చోట్లలో పెట్టించడం మర్చిపోవద్దు. వాటి మీద నల్లటి మెత్తటి ముద్ద ఉంటే టెన్షన్ పడకు, అది మామూలే. చేతికి గుచ్చుకునే ఇనుప తునకలు కనిపిస్తే మాత్రం అక్కడే ఆపి నాకు ఫోన్ చెయ్యి.

ఆయిల్ టొయోటా డబ్ల్యూఎస్ రకమే పోయించు. మాన్యువల్ గేర్ ఆయిల్ డబ్బా ఎవడైనా తెస్తే బయటికి పంపు. ఛాంబర్ దించితే మొత్తం ఆయిల్ రాదు, ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లోనూ కూలర్ పైపుల్లోనూ సగానికి పైగా ఉండిపోతుంది, కాబట్టి పుస్తకంలో ఉన్న మొత్తం లీటర్ల లెక్క చూసి అంతా పోసేయొద్దు. ఎంత దిగిందో కొలిచి అంత పోసి, ఇంజన్ నడుస్తుండగా గేర్లన్నీ ఒకసారి మార్చి, అప్పుడు చెక్ ప్లగ్ విప్పి చూడాలి. సన్నటి ధారగా మొదలై చుక్కలుగా మారితే లెవెల్ సరిపోయినట్టు.

ఇక్కడే మన ఊళ్ళకు ప్రత్యేకమైన తంటా ఒకటుంది. ఆ లెవెల్ ఆయిల్ దాదాపు 40 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు చూడాలి, వేడెక్కితే ఆయిల్ ఉబ్బి లెవెల్ ఎక్కువ చూపిస్తుంది, పొర్లింది కదా అని ఆపేస్తే చల్లారాక తక్కువ పడుతుంది. మేలో మధ్యాహ్నం రేకుల షెడ్డులో నిలబెట్టిన బండిలో ఆయిల్, ఇంజన్ ఆన్ చేయకముందే అక్కడికి చేరి ఉంటుంది. కాబట్టి ముందురోజు సాయంత్రమే బండి షెడ్డులో వదిలేసి, పని తెల్లవారుజామునే పెట్టించు. ఆరింటికి వచ్చే మెకానిక్ దొరకడు అంటావేమో, టీ, టిఫిన్ ఖర్చు నీదే అని చెప్పి చూడు. స్కానర్ పెట్టి ఆయిల్ వేడి చూసేవాడైతే ఇంకా మంచిది, చేత్తో ముట్టి అంచనా వేసేవాడు వద్దు.

గార్డ్ ప్లేట్ మాత్రం లేత్ షాపులో కొలతలిచ్చి చేయించుకోవచ్చు, మూడు మిల్లీమీటర్ల స్టీలు చాలు. డ్రెయిన్ ప్లగ్గుకూ చెక్ ప్లగ్గుకూ ఎదురుగా రంధ్రాలు పెట్టించు, గాలి ఆడేందుకు వెనకవైపు కొన్ని చీలికలు కూడా. ఛాంబర్‌కూ ప్లేటుకూ మధ్య రెండు వేళ్ళైనా దూరాలి, ఆనించి బిగిస్తే ప్లేటుకు తగిలిన దెబ్బ ఛాంబర్‌కే తగులుతుంది, పెట్టీ లాభం లేదు. వానాకాలం అయ్యాక ఒకసారి విప్పి మధ్యలో చిక్కుకున్న మట్టి, రాళ్ళు దులిపించు.

ఛాసిస్ నంబర్ నాకు పంపించు, అనంతపురంలో నేనూ అడిగి చూస్తా, రేటు ఇక్కడ తక్కువైతే ఆర్టీసీ కార్గోలో వేసేస్తా. ఈలోపు గనుల్లోకి ఆ బండి తీసుకుపోవద్దు, మీ నాన్న పాత బొలేరో ఖాళీగానే ఉంది కదా. మీ తమ్ముడికి ఏం చెప్పాలో నువ్వే చూసుకో, నా పేరు మాత్రం చెప్పొద్దు, వాడితో వాట్సాప్‌లో గొడవ పడే ఓపిక నాకు లేదు.

నీ బావ