పిరమిడ్ కింద కూర్చోండి, మాత్రలు మాత్రం మానకండి

సంపాదకులకు నమస్కారం.

ఒంగోలులో మేడల మీద ధ్యానం కోసం కట్టిన పిరమిడ్లు కనిపిస్తే ‘ఇదేదో కొత్త మతం’ అని నవ్వేవాళ్లూ ఉన్నారు, సర్వరోగాలకూ అదే మందు అనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి మాటా నాకు నచ్చదు.

1990లో కర్నూలులో సుభాష్ పత్రి మొదలుపెట్టిన ఈ పిరమిడ్ ధ్యాన ఉద్యమంలో విగ్రహం లేదు, మంత్రం లేదు. హాయిగా కూర్చుని, చేతివేళ్లు కలిపి, కళ్లు మూసుకుని శ్వాసను గమనించడమే. ఎంత వయసుంటే రోజుకు కనీసం అన్ని నిమిషాలు. దీన్నే ఆనాపానసతి అంటారు, బుద్ధుడు చెప్పిందే. గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధ మహాస్తూపం ఉన్న ప్రాంతానికి ఇది మరీ వింత కాకూడదు. మాంసం మానేయాలన్నది మరో నియమం. కొత్తపట్నం చేపల రుచి మరిగిన మాలాంటివాళ్లకు అసలు పరీక్ష అక్కడే!

నా అభ్యంతరమల్లా పిరమిడ్ శక్తి గురించే. ఆ ఆకారం కింద ధ్యానం మూడింతలు ఫలిస్తుందంటారు. దాని కింద పెడితే బ్లేడు కూడా పదునెక్కుతుందని, అందుకు 1959లో చెకోస్లోవేకియాలో పేటెంట్ కూడా ఇచ్చారని చెబుతారు. ఇచ్చారు నిజమే, పేటెంట్ వచ్చినంత మాత్రాన శాస్త్రం ఒప్పుకున్నట్టు కాదు. శ్వాస మీద ధ్యాసతో టెన్షన్ తగ్గొచ్చు, నిద్ర పట్టొచ్చు. షుగర్, బీపీ మాత్రలు ఆపేయడానికి అది సరిపోదు. డాక్టర్ని అడగకుండా మందులు ఆపేవాళ్లుంటే ఇంట్లోవాళ్లే గట్టిగా చెప్పాలి.

మీ జిల్లా పేజీలో ధ్యాన తరగతుల వార్తలు వేయండి, తప్పులేదు. పక్కనే ఒక డాక్టరు గారి మాట కూడా నాలుగు లైన్లు వేయించండి.

— ఒక పాఠకుడు, ఒంగోలు