టికెట్ మూసేశారు, సౌండ్ మాత్రం రాలేదు

కావలి,
నెల్లూరు జిల్లా.

కస్టమర్ కేర్ విభాగం మేనేజర్ గారికి,

అయ్యా,

నా ఫిర్యాదు, మీ భాషలో టికెట్, "పరిష్కారమైంది" అని మీరు పంపిన మెసేజ్ అందింది. చాలా సంతోషం. ఏం పరిష్కారమైందో కూడా ఒక ముక్క రాసుంటే బాగుండేది.

కావలి ట్రంకు రోడ్డులో నాది పెళ్లి వీడియోల మిక్సింగ్ షాపు. పనంతా మీ డెస్క్‌టాప్ మీదే. మీ కంపెనీ అప్‌డేట్ ప్రోగ్రామ్ తనంతట తనే ఏదో ఎక్కించుకున్నప్పటి నుంచి సౌండు స్పీకర్లలోకి రాకుండా మానిటర్ వైపు పోతోంది. ఆ మానిటర్‌కి స్పీకర్లే లేవు. సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ మారిస్తే వస్తుంది, కంప్యూటర్ ఆపి వేస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఒక్కోసారి ఆ లిస్టులో స్పీకర్ల పేరే ఉండదు. సమస్య ఇంతే. మిషన్ అన్నాక ఏదో ఒకటి వస్తుంది, దానికే అయితే నేను ఉత్తరం దాకా వచ్చేవాణ్ని కాదు. ఈ నాలుగు మాటలు చివరిదాకా వినే ఓపిక మీ దగ్గర ఎవరికీ లేకపోయింది, అందుకు రాస్తున్నాను.

మొదట ఫోనెత్తిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "సార్, స్పీకర్ స్విచ్ వేశారా?" వేశానమ్మా. "వాల్యూమ్ పెంచి చూశారా?" చూశాను. "టాస్క్‌బార్‌లో కుడి చివర స్పీకర్ గుర్తు మీద రైట్ క్లిక్ చేయండి." తల్లీ, నేను ఆ సెట్టింగ్స్ తెరిచి పెట్టుకునే మాట్లాడుతున్నా, అవుట్‌పుట్‌లో మానిటర్ పేరు పడుతోంది అన్నాను. "ఓకే సార్, అర్థమైంది. స్పీకర్ స్విచ్ వేశారా?" ఆ పిల్లను ఏమీ అనను. ఎదురుగా పెట్టుకున్న కాగితం చదువుతోంది. ఆ కాగితం రాసిచ్చిన పెద్దమనిషి ఎవరో ఆయనకు నా నమస్కారాలు.

తర్వాత టెక్నికల్ టీముకు కలిపారు. తెలుగు కోసం రెండు నొక్కమంటే నొక్కాను, హిందీలో పలికారు. నాకొచ్చిన హిందీలో మొత్తం మళ్లీ చెప్పుకొచ్చాక సీరియల్ నంబర్ అడిగారు, ఇచ్చాను. లైన్ కట్టయింది. తిరిగి చేస్తే ఇంకొకాయన, మళ్లీ సీరియల్ నంబర్, మళ్లీ కథ మొదటి నుంచి. ఫిర్యాదు నంబర్ అని ఒకటి ఇస్తారే, అది చెబితే మీవాళ్ల ముందు ఏమీ కనపడదా? మరి దాన్ని భద్రంగా రాసి పెట్టుకోమనడం దేనికి?

ఆ తర్వాత ఒకాయన రిమోట్‌లో మౌస్ తీసుకున్నాడు. కంట్రోల్ ప్యానెల్ సౌండ్ బాక్సులో కమ్యూనికేషన్స్ అనే చోటికి పోయి ఏదో నొక్కి, "అయిపోయింది సార్, మంచి రేటింగ్ ఇవ్వండి" అని వెళ్లిపోయాడు. కాల్ మాట్లాడేటప్పుడు మిగతా సౌండ్లు 80 శాతం తగ్గడం విండోస్‌లో ముందునుంచీ ఉన్నదే. మీవాడు దాన్ని మార్చి, మొత్తం మ్యూట్ అయ్యేట్టు పెట్టిపోయాడు. నాకేం తెలుసు? ఆ సాయంత్రం పెళ్లికూతురి నాన్న షాపుకొచ్చారు. అమెరికాలో ఉన్న కొడుక్కి కూడా చూపిద్దామంటే అదే కంప్యూటర్‌లో వీడియో కాల్ కలిపాను. జీలకర్ర బెల్లం అయింది, తాళి ఎత్తారు, గట్టిమేళం మొదలవ్వాల్సిన చోట చడీచప్పుడూ లేదు. "ఏంది అబ్బయ్యా, మేళగాళ్లకు డబ్బులు నిండుగానే ఇచ్చాం గదా" అన్నారాయన. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ సెట్టింగ్ వెతికి పట్టుకుని సరిచేసింది నేనే. మీ సర్వీసుకు మెకానిక్కుని నేనైతే బిల్లు ఎవరికి పంపాలి?

ఆఖరికి నెల్లూరు నుంచి టెక్నీషియన్‌ను పంపారు. ఆయన చంకలో కొత్త కీబోర్డు పెట్టుకుని దిగాడు. కీబోర్డు పనిచేయడం లేదని రాశారట! నా మాట విన్నది ఆయనొక్కడే. వెనక పచ్చ జాక్ తీసి పెట్టి చూశాడు, డివైస్ మేనేజర్‌లో పాత డ్రైవర్‌కి, అంటే సౌండును నడిపించే పాత ప్రోగ్రామ్‌కి, వెనక్కి పోదామంటే ఆ బటన్ నొక్కడానికే రావడం లేదు. మీ వెబ్‌సైట్‌లో ఉన్నదీ ఈ కొత్తదే. "పాత ఫైలు కంపెనీవాళ్లే ఇవ్వాలన్నా, రిపోర్టులో రాస్తాను" అని నా ముందే రాసుకుపోయాడు. దానికి మీ జవాబే ఆ "పరిష్కారమైంది, కస్టమర్ సంతృప్తి చెందారు" మెసేజ్. ఎవరా సంతృప్తి చెందిన కస్టమర్?

క్యాసెట్లు పోయి సీడీలు వచ్చిన రోజుల నుంచి నేను మీ మిషన్లు తప్ప ఇంకోటి కొనలేదు. మా బావమరిది ఒంగోల్లో జిరాక్స్ షాపు పెడుతుంటే పట్టుబట్టి మీవే కొనిపించాను. ఇప్పుడు వాడు ఫోన్ చేసి "సౌండొచ్చిందా బావా?" అని అడిగి మరీ నవ్వుతున్నాడు. వారంటీ పొడిగించుకోమని మీరు ఫోన్ చేసినప్పుడు మాత్రం తెలుగు చక్కగా మాట్లాడారు. డబ్బులు కట్టించుకునేదాకా లైన్ ఒక్కసారి కూడా కట్ కాలేదు.

ఇక నేను ఫోన్ చేయను. 1915కి చేస్తాను, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. దానికీ మీరు కదలకపోతే నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం నేనున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, మీ హెడ్డాఫీసున్న ఊరికి రావక్కర్లేదు. 5 లక్షల లోపు కొన్న వస్తువుకు ఫీజు లేదు, వకీలు లేకుండా నేనే మాట్లాడుకోవచ్చు. మాట్లాడటానికి నా దగ్గర చాలా ఉంది. ఈలోపు మా ఊళ్లో ఫోటో స్టూడియోవాళ్లు కొత్త కంప్యూటర్ గురించి నన్నే సలహా అడుగుతారు. ఏం చెప్పాలో మీరే చెప్పండి.

మూసేసిన టికెట్ తెరవండి. ఆ టెక్నీషియన్ రిపోర్టు ఎవరైనా ఒకరు కూర్చుని చదివి, అడిగిన పాత ఫైలు పంపండి. లేదంటే మిషన్ మార్చండి, అదీ కాకపోతే డబ్బులు వెనక్కివ్వండి. ఏదైనా సరే, కాగితం మీద పేరూ సంతకంతో జవాబివ్వండి.

షాపు మధ్యాహ్నం భోజనానికి కాసేపు మూస్తాను. సరిగ్గా ఆ టైముకే ఒక్క రింగిచ్చి "కస్టమర్ అందుబాటులో లేరు" అని రాసుకోవద్దు.

ఇట్లు,
ఇంకా సంతృప్తి చెందని మీ పాత కస్టమర్