కెమిస్ట్రీలో సి గురించి అన్నయ్యకి

శాన్ హోసే, కాలిఫోర్నియా
జనవరి, ఆదివారం

అన్నయ్యకి, వదినకి నమస్కారాలు.

అమ్మ నీకేం చెప్పిందో గానీ, మావాడి చదువు అటకెక్కిందని పర్లాకిమిడిలో మన వీధి వీధంతా తెలిసిపోయినట్టుంది. నిన్న పాతపట్నం నుంచి చిన్నత్త కూడా ఫోన్ చేసి ఓదార్చింది. "అక్కడ సీటు రాదు, వాణ్ణి వైజాగ్ పంపించెయ్యండి, ఏదో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేద్దాం" అని నువ్వన్నావట. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. అందుకే కూర్చుని రాస్తున్నాను, పూర్తిగా చదివి అప్పుడు తిట్టు.

జరిగింది ఇంతే. పదో తరగతి మొదటి సెమిస్టర్‌లో వాడికి కెమిస్ట్రీలో సి వచ్చింది, మిగతావన్నీ ఏలే. పరీక్షలు బాగానే రాశాడు, సగటున 92 ఉంది. ల్యాబ్ రిపోర్టులు రెండు ఇవ్వలేదు. స్కూలు వెబ్‌సైట్‌లో ల్యాబ్ వరసలో ఇరవైకి 18, 19, 0, 20, 0 అని కనబడుతోంది. ల్యాబ్‌కి 40 శాతం వెయిటేజీ, పరీక్షలకి 60. అంతా కలిపితే 78 తేలింది. మన దగ్గర 60 దాటితే ఫస్ట్ డివిజన్. 78 వస్తే నాన్న స్వీట్లు పంచేవారు. వీడి స్కూల్లో 80 లోపు వస్తే సి.

దీనివల్ల గవర్నమెంటు యూనివర్సిటీ సీటు పోతుందా అన్నది కదా నీ టెన్షన్. లెక్క చెబుతాను విను. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి డిగ్రీ చదువు చెప్పే క్యాంపస్‌లు తొమ్మిది. వాళ్ళు సగటు కట్టేది 10, 11 తరగతుల గ్రేడ్లతో. తొమ్మిదో తరగతివి సికి తగ్గకుండా ఉంటే చాలు, సగటులో కలపరు. ఏకి 4 పాయింట్లు, బికి 3, సికి 2. ఏడాదికి ఐదు ముఖ్యమైన సబ్జెక్టులు, రెండేసి సెమిస్టర్లు అనుకో, రెండేళ్ళకి 20 గ్రేడ్లు. పందొమ్మిది ఏలు, ఒక సి ఉంటే సగటు 3.9. రాష్ట్రంలో ఉండేవాళ్ళకి అర్హత 3.0, బయటి రాష్ట్రాల పిల్లలకి 3.4. అంటే ఈ ఒక్క సితో అర్హతకి వచ్చిన ఢోకా ఏమీ లేదు. సి కంటే తగ్గితేనే ఆ సబ్జెక్టు చదివినట్టు లెక్కలోకి రాదు.

అర్హత ఉండటం వేరు, సీటు రావడం వేరు. ఇది నీకు నేను చెప్పాలా! లాస్ ఏంజలెస్ క్యాంపస్ ఒక్కదానికే ఏటా లక్షకు పైగా దరఖాస్తులు వస్తాయి. అక్కడా, బర్క్‌లీలోనూ సీటొచ్చిన పిల్లల్లో ఎక్కువమంది దాదాపు అన్నీ ఏలవాళ్ళే. కంప్యూటర్ సైన్స్ అయితే మరీ కష్టం. ఆ రెండు చోట్ల ఈ సి కాస్త అడ్డమే, కాదనను. రివర్‌సైడ్, మెర్సెడ్ లాంటి క్యాంపస్‌లలో అంత పోటీ లేదు.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది వేరే విషయం. మన దగ్గర ఏడాదంతా ఎలా చదివినా జేఈఈలో ర్యాంకు కొట్టి, ప్లస్ టూలో 75 శాతం తెచ్చుకుంటే ఎన్ఐటీలో చేరిపోవచ్చు. ఒక్క పరీక్ష ముంచుతుంది, ఒక్క పరీక్ష తేలుస్తుంది. ఇక్కడ తేల్చే పరీక్ష లేదు. కాలేజీల కోసం ఇక్కడి పిల్లలు రాసే ఎస్ఏటీ పరీక్ష మార్కులు 2021 నుంచి ఈ యూనివర్సిటీ సీటు కోసం అసలు చూడటం లేదు. పదో తరగతిలో ఇవ్వని ల్యాబ్ రిపోర్టు పన్నెండులో దరఖాస్తు పెట్టేదాకా వెంటే వస్తుంది. అందుకే నేను వాణ్ణి తిట్టలేదు గానీ, "ఏం కాదులే" అని కూడా అనలేదు.

వేసవిలో మళ్ళీ కెమిస్ట్రీ చదివి గ్రేడు మార్చుకుంటానన్నాడు. స్కూల్లో కౌన్సిలర్‌ని అడిగాం. డి గానీ ఎఫ్ గానీ వస్తేనే మళ్ళీ చదివి మార్చుకోవచ్చట, సికి ఆ వీలు లేదు. బొత్తిగా పోయినవాడికి ఉన్న దారి మధ్యలో ఉన్నవాడికి లేదు. విచిత్రంగా ఉంది కదూ? ఇక మిగిలింది ముందున్న సెమిస్టర్లే. దరఖాస్తు చదివేవాళ్ళు సగటుతో పాటు గ్రేడ్లు పెరుగుతున్నాయా, ఆ స్కూల్లో దొరికే కష్టమైన కోర్సులు తీసుకున్నాడా అన్నవి కూడా చూస్తారు. పదకొండులో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కెమిస్ట్రీ తీసుకుంటానంటున్నాడు. అది కాలేజీ స్థాయి పాఠం, ఒక పాయింటు అదనంగా ఇస్తారు, బి వచ్చినా 4 పడుతుంది. అలా కలిసే పాయింట్లకి ఎనిమిది సెమిస్టర్ల దాకానే పరిమితి. తీసుకోమన్నాను. కానీ రిపోర్టులు ఇవ్వని గుంటడు అక్కడా ఇవ్వకపోతే ఏపీ ఏం చేస్తుంది!

ఇవేవీ కుదరకపోయినా రోడ్డున పడడు. కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) కూడా గవర్నమెంటుదే, దానికి 2.5 ఉంటే అర్హత. లేదంటే రెండేళ్ళు కమ్యూనిటీ కాలేజీలో చదివి మూడో ఏడు పెద్ద యూనివర్సిటీకి మారొచ్చు. చెప్పిన కోర్సులు చదివి, చెప్పిన సగటు తెచ్చుకుంటే సీటిస్తామని ఆరు క్యాంపస్‌లు ముందే హామీ ఇస్తాయి. బర్క్‌లీ, లాస్ ఏంజలెస్, శాన్ డియాగో మాత్రం ఆ హామీ ఇవ్వవు. ఖర్చు సగానికి సగం తగ్గే దారి అది. అయినా ఇక్కడ మనవాళ్ళ ఫంక్షన్లలో కమ్యూనిటీ కాలేజీ అని అను చూడు, మొహాలు ఎలా మారిపోతాయో. నాకైతే అందులో చిన్నతనమేమీ కనబడదు.

ఇక ప్లస్ టూ చదువుతున్న మీ పెద్దపాప సంగతి. టెస్ట్ పరీక్షలో ఫిజిక్స్ తగ్గిందని దాన్నీ సాధిస్తున్నావని వదిన చెప్పింది. అసలు పరీక్షలు ఇంకా ఫిబ్రవరిలో కదా! ప్లస్ త్రీకి, అంటే డిగ్రీకి, ఒడిశా గవర్నమెంటు ఆన్‌లైన్ అడ్మిషన్ల పద్ధతి సామ్స్‌లో మెరిట్ లిస్టు ప్లస్ టూ మార్కుల మీదే వేస్తారు, నిజమే. కానీ 2022 నుంచి సెంట్రల్ యూనివర్సిటీలకి సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష ఉంది. కోరాపుట్‌లో మన సెంట్రల్ యూనివర్సిటీ అయినా, హైదరాబాద్‌లో ఐదేళ్ళ ఎమ్మెస్సీ అయినా అందులో వచ్చే స్కోరుతోనే, ప్లస్ టూ మార్కులు అర్హతకి ఉంటే చాలు. ఒడియాలోనూ తెలుగులోనూ రాయొచ్చు. ఫారం ఇచ్చారేమో ఈ వారమే చూడు, గడువు దాటితే వాళ్ళు వినరు. ఏదీ రాకపోతే ఎస్‌కేసీజీ కాలేజీ ఊళ్ళోనే ఉంది. 1896 నాటి కాలేజీ, తాతగారి కాలం నుంచీ మనింట్లో అందరూ అక్కడే కదా చదివారు. నువ్వూ అక్కడే చదివి ఉద్యోగం తెచ్చుకున్నావు.

అమ్మతో మొక్కులేవీ మొక్కొద్దని చెప్పు, మోకాళ్ళ నొప్పులతో మహేంద్రగిరి ఎక్కుతానంటుంది. వచ్చే ఆదివారం ఫోన్ చేస్తే మావాడితో వైజాగ్ మాట ఎత్తకు, క్రికెట్ గురించి అడుగు. పాప సీయూఈటీ ఫారం నింపేటప్పుడు సబ్జెక్టులు ఎంచుకునే పేజీ వాట్సాప్‌లో నాకొకసారి పంపించు. చూసి చెబుతాను, ఆ తర్వాతే డబ్బులు కట్టు.

నీ చెల్లెలు