'నచ్చలేదు' అనే సమీక్ష ఒక్కటైనా వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీలో పుస్తక సమీక్షలు ఎన్నో ఏళ్లుగా చదువుతున్నాను, ఒక్క సంగతి మాత్రం నాకు అంతుబట్టడం లేదు. వచ్చిన ప్రతి పుస్తకమూ 'అందరూ చదివి దాచుకోదగ్గదే' ఎలా అవుతుందండీ? మరీ బాగోకపోతే చివర్లో 'అచ్చుతప్పులు సరిచూసుకుని ఉంటే బాగుండేది' అని ఒక ముక్క వేస్తారు. ఆ ముక్క కనబడిందంటే పుస్తకం తేలిపోయిందన్నమాట అని నేనూ మా అక్కా అర్థం చేసుకోవడం నేర్చుకున్నాం.

నేను రోజూ తెనాలి నుంచి బెజవాడకి ట్రైన్‌లో ఉద్యోగానికి వెళ్లొస్తాను. నా చదువంతా ఆ ఆడవాళ్ల పెట్టెలోనే, అదీ సగం రోజులు నిలబడి. పుస్తకాలు ఎక్కువగా లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో కొంటాను, జనవరిలో పుస్తకాల పండగకి మాత్రం కొత్తవి నాలుగు. విమర్శకురాలిని కాను కాబట్టి ఎవరితోనూ మొహమాటం లేదు, అందుకని మచ్చుకి నా అభిప్రాయాలు కొన్ని రాస్తున్నాను.

ముందు తిట్లు పడే మాట చెప్పేస్తాను. 'వేయిపడగలు' మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ వదిలేశాను. ఒక చేత్తో రాడ్డు పట్టుకుని ఇంకో చేత్తో ఆ బరువు మోయలేక కొంత, కానీ అసలు కారణం అది కాదు, సుబ్బన్నపేటలో కోటా గుడీ పాతకాలం పద్ధతులూ పోతున్నాయని విశ్వనాథ వారు పడే బాధ నాకు అంటలేదు. గిరిక ఉన్న పేజీలు మాత్రం వెనక్కి వెళ్లి మరీ చదువుకున్నాను. 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు పోటీలో బహుమతిని ఈ నవలకీ అడివి బాపిరాజు గారి 'నారాయణరావు'కీ చెరిసగం పంచారు. నన్నడిగితే మొత్తం రెండోదానికే ఇచ్చేదాన్ని.

పాతవంటే పడదేమో అనుకోకండి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి 'వడ్లగింజలు' కథ ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. పెద్దాపురం దివాణంలో చదరంగం, గెలిచినవాడు కోరుకునేది గడికి రెట్టింపు చొప్పున వడ్లగింజలు. ఓ రోజు కృష్ణా కెనాల్ దగ్గర సిగ్నల్ కోసం ట్రైన్ ఆగిపోతే పాత టికెట్ వెనక లెక్క వేశాను: 21వ గడికే 10,48,576 గింజలు వచ్చాయి, అక్కడితో కాగితం నిండిపోయింది, ఇంకా 43 గళ్లున్నాయి. కానీ ఆ కథలో నాకు రుచి ఆ లెక్క కాదు, మాటలు. ఎవరు మాట్లాడుతున్నారో రచయిత చెప్పకపోయినా మాటతీరు బట్టి తెలిసిపోతుంది.

'చివరకు మిగిలేది' నా ఇరవయ్యో ఏట చదివి దయానిధి కోసం ఏడ్చాను. మొన్న మళ్లీ పట్టుకుంటే, కోమలి, అమృతం, ఇందిర, ఇంతమంది చుట్టూ అవస్థ పడుతుంటే ఈయన ఆలోచిస్తూ కూర్చుంటాడేంటి అని చిరాకేసింది. బుచ్చిబాబు గారి వాక్యం బాగుంటుంది, అది ఒప్పుకుంటాను.

ఇంకో ఇందిర ఉంది, డాక్టర్ పి. శ్రీదేవి గారి 'కాలాతీత వ్యక్తులు'లో. నాకు తెలుగు నవలల్లో ఒక్క ఆడమనిషిని ఎంచుకోమంటే ఈమెనే ఎంచుకుంటాను. మంచిది కాదు, చెడ్డదీ కాదు, తనకేం కావాలో తనకి తెలుసు, దాని కోసం పక్కవాళ్లని తోసుకుంటూ పోతుంది, దెబ్బ తింటే కూర్చుని ఏడవదు. 1957లో, అంటే నాయిక అనగానే త్యాగం చేసి తీరాలనుకునే రోజుల్లో, 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా వచ్చిందిది. రాసినావిడ 32 ఏళ్లకే పోయారు, ఇదొక్కటే నవల. సినిమాగా 'చదువుకున్న అమ్మాయిలు' చూసి ఇదేగా కథ అనుకునేవాళ్లున్నారు, దయచేసి పుస్తకం చదవండి. నా కాపీ ఒక స్నేహితురాలు పట్టుకెళ్లి ఆరేళ్లయింది, మళ్లీ కొనుక్కున్నాను.

కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు' పల్చటి పుస్తకం. తప్పిపోయిన సూడిపంది కోసం ముసలాయన రాత్రివేళ అడవిలోకి వెళ్తాడు, అంతే. ఆ అడవిలో పడి నేను తెనాలి దాటిపోయి నిడుబ్రోలులో దిగాను, ఇంటికి చేరేసరికి పదిన్నర. హెమింగ్వే 'ది ఓల్డ్ మాన్ అండ్ ద సీ'లో ముసలాయనతో దీన్ని పోలుస్తారు చాలామంది. మన ముసలాయనకి ఆ సిఫారసు అక్కర్లేదని నా ఉద్దేశం.

అనువాదాల్లో, అలెక్స్ హేలీ 'రూట్స్'కి సహవాసి గారి తెలుగు 'ఏడు తరాలు' నేనే నలుగురి చేత కొనిపించాను, కుంటా కింటే గాంబియాలో కాక మన పక్కూళ్లో పుట్టాడా అన్నట్టుంటుంది ఆ తెలుగు. ఈమధ్య కొన్న ఒక అనువాదం మాత్రం, పేరెందుకులెండి, ప్రతి వాక్యాన్నీ మనసులో ఇంగ్లిష్‌లోకి మార్చుకుంటే తప్ప అర్థం కాలేదు. దానికి మీ పేజీలోనే 'సరళమైన అనువాదం' అని రాశారు! విజయానికి పది మెట్లు, ఇరవై సూత్రాలు తరహా పుస్తకాలు మా మరిది తెచ్చిస్తుంటాడు. మూడు చదివాను, మూడూ ఒకటే.

కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ఆత్మకథ 'నిర్జన వారధి' గురించి రెండు ముక్కల్లో రాయడం నా వల్ల కాదు. ఊహ తెలియకముందే పెళ్లయి భర్త పోవడం, మళ్లీ పెళ్లి, కమ్యూనిస్టు పార్టీ, రహస్య జీవితం, ఆ రెండో భర్త కొండపల్లి సీతారామయ్య గారు వదిలేసి వెళ్లడం, ఆ తర్వాత చదువుకుని హాస్టల్లో ఉద్యోగం చేసుకుని బతకడం, కొడుకునీ కూతురినీ పోగొట్టుకోవడం. తొంభై దాటాక వచ్చిన పుస్తకం, 2012లో. ఎవరి మీదా కోపం తీర్చుకోలేదు, జాలి పడమని అడగలేదు. పిల్లల గురించి రాసినచోట పుస్తకం మూసేసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. పక్కనున్నావిడ 'ఒంట్లో బాలేదా అమ్మా' అని మంచినీళ్ల సీసా ఇచ్చింది. పేరు అడిగితే చూపించాను, ఫోన్‌లో అట్టని ఫొటో తీసుకుంది.

మాలాంటి వాళ్లు ఇలా నాలుగేసి లైన్లు రాసి పంపితే వేయడానికి ఆ పేజీలో ఒక మూల ఇవ్వండి. పుస్తకాలు ఉచితంగా పంపక్కర్లేదు, కొనుక్కునే రాస్తాం. ఇంకో మనవి, సమీక్ష కింద పేజీలూ ధరా వేస్తారు కదా, అక్షరాల సైజు కూడా వేయండి. నాకు 47 నిండాయి, సాయంత్రం ట్రైన్‌లో లైట్లు సగమే వెలుగుతాయి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి