సీటు రానివాళ్ల చదువా మాది?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ విద్యా పేజీలో నీట్ కౌన్సెలింగ్ మీద వేసిన కథనం ఇక్కడ చాలామంది చదివారు. ఇద్దరు తండ్రులు ఆ పేజీ మడిచి జేబులో పెట్టుకుని నా క్లినిక్‌కే వచ్చారు. ‘ఎంబీబీఎస్ రాకపోతే దంత వైద్య డిగ్రీ బీడీఎస్‌తో సరిపెట్టుకోవడమే, దాంట్లో ఏమీ మిగలదు’ అన్నట్టు రాశారు మీవాళ్లు. ఆ రాత్రే ఉత్తరం మొదలుపెట్టాను గానీ పని తెమల్లేదు. ఆదివారం ఇప్పుడు కూర్చున్నాను. నాలుగు రోజులైనా కోపం చల్లారలేదు.

నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో పందొమ్మిదేళ్లుగా జనరల్ డెంటిస్టుని. బీడీఎస్ తర్వాతి పై చదువు ఎండీఎస్ చేయలేదు, చేయలేదన్న దిగులూ లేదు. బీడీఎస్ అంటే నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. అనాటమీ, ఫిజియాలజీ, ఫార్మకాలజీ మేమూ చదివాం. జనరల్ మెడిసిన్, సర్జరీ వార్డుల్లో మేమూ నిలబడ్డాం. ఇంత చదివాక కూడా పెళ్లిళ్లలో ‘పళ్ల డాక్టరేనా, అసలు డాక్టరు కాదా’ అని అడిగేవాళ్లకి ఓపిగ్గా జవాబు చెబుతూనే ఉన్నాను. పత్రిక కూడా అదే మాట అచ్చు వేస్తే ఇక ఎవరికి చెప్పుకోవాలి?

జనరల్ డెంటిస్టు పనేమిటో మీ విలేకరి ఒక్క రోజు వచ్చి కూర్చుని చూస్తే బాగుండేది. పొద్దున్నే బుగ్గ వాచి, రాత్రంతా నిద్ర లేక వచ్చినవాళ్లు ఉంటారు. ‘బేగి పీకీండి డాక్టరమ్మా’ అంటారు. పీకడం పది నిమిషాల పని. ఆ పన్ను నిలబెట్టొచ్చని నచ్చజెప్పడానికి అరగంట పడుతుంది. పై పన్ను పీకితే కళ్లు పోతాయని భయపడేవాళ్లకి ఇంకో పావుగంట. తర్వాత ఆరేళ్ల పిల్లాణ్ణి తెస్తారు. పాల పళ్ల వెనకాల కొత్తగా వచ్చిన దవడ పన్ను అప్పుడే పుచ్చి ఉంటుంది. ‘పాల పన్నే కదమ్మా, ఊడిపోద్ది’ అంటుంది తల్లి. అది ఊడే పన్ను కాదు, బతికినంత కాలం నమలాల్సిన పన్ను. పాల పన్ను ఏదీ ఊడకుండానే వెనక నుంచి వస్తుంది కాబట్టి ఇంట్లో ఎవరూ గుర్తుపట్టరు. ఈ ఒక్క మాట వేల సార్లు చెప్పి ఉంటాను. మధ్యాహ్నం రూట్ కెనాల్, సాయంత్రం షుగరు ఉన్న పెద్దాయన చిగుళ్లు. ఒకే కుర్చీలో మూడు తరాల నోళ్లు చూసే పని ఇది.

అన్నిటికంటే ముఖ్యమైనది అడ్డపొగ. మా వైపు, పాతపట్నం నుంచి శ్రీకాకుళం తీరందాకా, పెద్దవయసు ఆడవాళ్లు కొందరు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. సెగంతా అంగిలికి, అంటే నోటి పైకప్పుకి, తగులుతుంది. అంగిలి తెల్లబారి, మధ్య మధ్య ఎర్రటి చుక్కలు లేస్తాయి. కొందరిలో అది కేన్సరు దాకా పోతుంది. వాళ్లెవరూ అంగిలి చూపించుకోవడానికి రారు, కట్టుడు పళ్ల కోసం వస్తారు. కొలత తీసేముందు లైటు వేసి అంగిలి చూసేది నాలాంటి జనరల్ డెంటిస్టే. ఒక అమ్మ ‘నలభై ఏళ్లుగా కాలుస్తన్నాను, ఏటీ అవలేదు’ అని నవ్వింది. ఆవిణ్ణి బరంపురం పంపి ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించేసరికి నెల పట్టింది. డబ్బు కాదు, తోడు వెళ్లే మనిషి దొరక్క.

కుర్రాళ్ల సంగతి వేరు. గుట్కాను ఒడిశా ప్రభుత్వం 2013లో నిషేధించింది. ఇప్పుడు పాన్ మసాలా ఒక పొట్లంలో, పొగాకు ఇంకో పొట్లంలో కొని అరచేతిలో కలుపుకుంటున్నారు. నిలువుగా మూడు వేళ్లు పట్టాల్సిన నోరు పాతికేళ్లకే ఒక వేలికి కుదించుకుపోతోంది. అన్నం ముద్ద పోదు, కారం సహించదు. మొదట్లో పట్టుకుంటే అలవాటు మాన్పించి చాలా వరకు ఆపొచ్చు. మరి పట్టుకునేవాళ్లు ఊరూరా ఉండాలి కదా!

ఊరూరా ఉన్నది ఇంకొకరు, డిగ్రీ లేని పళ్ల వైద్యులు. సంత రోజున పెట్టె తెరుచుకుని కూర్చుంటారు. పక్క పళ్లకి తీగ చుట్టి, పొడీ ద్రావకం కలిపిన అక్రిలిక్ ముద్దని చిగురు మీదే గట్టిపడనిచ్చి ‘పర్మినెంటు పన్ను’ అని అంటించేస్తారు. కొన్నాళ్లకి దాని కింద చీము పడుతుంది, పక్కనున్న రెండు గట్టి పళ్లూ కదులుతాయి. ఆ రెండూ పీకే పని నాకు వస్తుంది. డెంటిస్టుల రిజిస్టరులో పేరు లేనివాళ్లు దంత వైద్యం చేయకూడదని 1948 నాటి చట్టమే చెప్పింది. 2023లో పార్లమెంటు జాతీయ డెంటల్ కమిషన్ చట్టం కూడా చేసింది. నేను రెండుసార్లు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. ఒక అధికారి ఇది తన సెక్షన్ కాదన్నారు. ఇంకొకరు విచారిస్తామన్నారు, ఈలోగా బదిలీ అయిపోయారు. అదే నేను ఎక్స్-రే మిషను పెట్టుకోవాలంటే అణుశక్తి నియంత్రణ బోర్డు అనుమతి, వాడిన సూదులకూ దూదికీ రంగు రంగుల సంచులు, ఏటేటా కాగితాలు. అవన్నీ ఉండాల్సినవే, కాదనను. రూలు పాటించేవాళ్ల దగ్గరే రూలు అడుగుతారా?

ఇక సర్కారు ఆసుపత్రి. పేరు రాయను. డెంటల్ కుర్చీ ఉంది, డ్రిల్లుకి గాలి అందించే కంప్రెసరు పాడై మూలన పడింది. బాగుచేయించే బడ్జెటు ఏ పద్దులోదో తేలక రోగులకి మాత్రలిచ్చి పంపుతున్నారు. ఖాళీ పోస్టు భర్తీ కాక ఉన్నన్నాళ్లూ ‘డెంటిస్టులకి ఉద్యోగాల్లేవు’ అని మీరు రాస్తారు. ఉద్యోగం లేదా, పని లేదా? రెండూ ఒకటి కాదండీ. పని మా గుమ్మం ముందు బారులు తీరి ఉంది.

మీ కథనంలో నిజం అసలు లేదనను. కొత్తగా బీడీఎస్ ముగించినవాళ్లకి విశాఖలో, భువనేశ్వర్‌లో పెద్ద క్లినిక్కులు ఇచ్చే జీతం తక్కువే. సొంతంగా పెట్టాలంటే కుర్చీ, కంప్రెసరు, పరికరాలు ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవు అన్నీ అప్పే. నాకు మొదటి మూడేళ్లూ అద్దె కట్టడమే గగనమైంది. నాలుగో ఏట నుంచి నిలదొక్కుకున్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు, గ్యాసు పొయ్యి మీద పెట్టే ప్రెషరు ఆటోక్లేవులో 121 డిగ్రీల దగ్గర పరికరాలు శుద్ధి చేసుకుని, టార్చి వెలుగులో పళ్లు తీశాను. డ్రిల్లు లేదు గనక చేతి పరికరాలతోనే పుచ్చు గీకి సిమెంటు పెట్టాను. ఆ పూరకాల్లో కొన్ని ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఇలాంటి పని చేశాక ఎవరైనా వచ్చి ఇది మిగులు సీటు చదువు అంటే నాకు కడుపు మండుతుంది.

మా దగ్గర తెలుగు, ఒడియా రెండూ కావాలి. కొండ మీద నుంచి దిగివచ్చే సవరలతో మాట్లాడడానికి వాళ్ల భాషలోవి పది మాటలు నేర్చుకున్నాను. ఇవన్నీ పుట్టుకతో వచ్చిన ఈ ఊరి పిల్లలే చదివి వెనక్కి రావాలి. వాళ్లనే మీ కథనం భయపెట్టింది.

మన దేశంలో మొదటి దంత కళాశాలను 1920లో కలకత్తాలో పెట్టిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ పుట్టినరోజు డిసెంబరు 24. ఆ రోజు టూత్‌పేస్టు పంచే ఫొటో వేసి ఊరుకోకుండా, ఆరేళ్ల దవడ పన్ను గురించీ అడ్డపొగ గురించీ ఒక అరపేజీ ఇవ్వండి. రాసేవాళ్లు లేరంటే నేను రాసిస్తాను, డబ్బులేమీ వద్దు.

ఆ ఇద్దరు తండ్రుల్లో ఒకాయన కూతురికి కటక్ సర్కారు దంత కళాశాలలో సీటు వచ్చేలా ఉంది. మీ పేజీ చూసి మానుకుందామంటున్నారు. తర్వాతి విడత కౌన్సెలింగ్ మొదలయ్యేలోపు ఈ ఉత్తరం వేయగలిగితే ఆయన కూడా చదువుతారు.

ఇట్లు,
ఒక దంత వైద్యురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా